‘జాక్’ అంటే ఎవరు? ఆటగాళ్ల మీద అమెరికన్ స్లాంగ్ మాటను చదివే, తెలుగు చేసే పద్ధతి

అమెరికన్ హైస్కూలు కథ, కాలేజీ సీరియల్, క్రీడల వార్త, ఏది ముట్టుకున్నా ‘జాక్’ అనే మాట తగులుతుంది. తెలుగులోకి వచ్చేసరికి అది మూడు రకాలుగా చెడుతోంది. కొందరు మనిషి పేరనుకుని అలాగే వదిలేస్తారు. కొందరు ‘జాకీ’ అని రాస్తారు. మిగతావాళ్లు ‘క్రీడాకారుడు’ అని రాస్తారు. ఈ మూడోది తప్పని అనలేం గానీ, సగం అర్థం అక్కడే రాలిపోతుంది. క్రీడాకారుడు అనే మాట ఒకడు ఏం చేస్తాడో చెబుతుంది. జాక్ అనే మాట ఆ బడిలో, ఆ కాలేజీలో వాడి స్థానం ఏమిటో, ఎవరితో తిరుగుతాడో, వాడి గురించి పక్కవాళ్లు ఏమనుకుంటారో కూడా చెబుతుంది. ఆ రెండో భాగాన్ని పట్టుకోవడమే ఇక్కడ పని.

ముందు రాత సంగతి

తెలుగు లిపిలో రెండు వేర్వేరు ఇంగ్లీషు మాటలు ఒకే రూపంలో కనిపిస్తాయి. మూలంలో ‘జె’ తర్వాత ‘ఓ’ అక్షరం ఉంటే అది మన మాట (స్కాట్లండ్‌లో మాత్రం ఇదే రాతతో పేరు కూడా ఉంది, ఆ సంగతి కింద వస్తుంది). ‘ఎ’ అక్షరం ఉంటే అది మనిషి పేరు, కారును పైకెత్తే పనిముట్టు కూడా అదే మాట. అందువల్ల పేరును ‘జ్యాక్’ అనీ, ఆటగాడి మాటను ‘జాక్’ అనీ రాయడం మంచిది. ఈ వ్యాసంలో అదే పాటించాం. అనువాదం మొదలుపెట్టకముందే ఈ తేడా ఖాయం చేసుకుని చివరిదాకా నిలబెట్టండి. మధ్యలో మార్చితే చదివేవాడికి ఇద్దరు మనుషులు ఒకడైపోతారు.

‘జాకీ’ అనే మాట తెలుగులో ఇప్పటికే మూడు పనులు చేస్తోంది: గుర్రప్పందెంలో స్వారీ చేసేవాడు, కారు ఎత్తే పరికరం, లోదుస్తుల బ్రాండు. ఆటగాడికి దాన్ని నాలుగో అర్థంగా తగిలిస్తే ఎవరికీ అర్థం కాదు.

ఏ జాకో తేల్చుకోవడం

మూలంలో మాట కనిపించగానే ముందు దాని మొదటి అక్షరం చూడండి. వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో ఉంటే దాదాపు ఎప్పుడూ అది పేరు, లేదా స్కాట్లండ్ వాడు. వాక్యం మొదట్లో ఉంటే ఈ ఆధారం పనికిరాదు. అప్పుడు ముందు ‘ఎ’ గానీ ‘ది’ గానీ ఉందా, చివర బహువచనం ఉందా అని చూడాలి. ‘ది జాక్స్’ అని చిన్న అక్షరంతో ఉండి, కథ అమెరికాలో జరుగుతుంటే సందేహం అక్కర్లేదు. ఆటగాళ్ల గుంపే.

తర్వాత దేశం. స్కాట్లండ్‌లో జాక్ అంటే జాన్ అనే పేరుకు ముద్దు రూపం. 1967లో సెల్టిక్ సాకర్ జట్టుకు యూరోపియన్ కప్ గెలిపించిన మేనేజర్ జాక్ స్టీన్ అసలు పేరు జాన్. స్కాటిష్ రెజిమెంట్ల సైనికులను ‘జాక్స్’ అనడం బ్రిటిష్ సైన్యంలో పాత అలవాటు. ఇంగ్లండ్ వాడు స్కాట్లండ్ వాణ్ని ముఖం మీదే జాక్ అని పిలిస్తే కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరికి కోపం వస్తుంది. ‘మనమంతా జాక్ టామ్సన్ పిల్లలమే’ అనే స్కాట్స్ సామెతకు మనుషులంతా ఒకటే అని అర్థం, అందులో ఆటల ఊసే లేదు. ఆస్ట్రేలియాలో ‘జాక్స్’ అంటే మగవాళ్ల లోదుస్తులు. ఆస్ట్రేలియా కథలో ఎవరైనా జాక్స్ ఉతుక్కుంటున్నారంటే కంగారు పడనక్కర్లేదు.

మూడోది చుట్టుపక్కల మాటలు. వాక్యంలో గానీ పేరాలో గానీ నెర్డ్, గీక్ (పుస్తకాల పురుగులు), చీర్‌లీడర్, వర్సిటీ (ఇక్కడ యూనివర్సిటీ కాదు, బడి ప్రధాన జట్టు), కోచ్, లాకర్ రూమ్ (ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది) లాంటివి ఉంటే దారి స్పష్టం. లెటర్‌మన్ జాకెట్ కనిపించినా అంతే. బడి పేరులోని మొదటి అక్షరాన్ని పెద్దగా కుట్టిన ఆ జాకెట్టు సంప్రదాయం 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు తన చొక్కాల మీద ‘హెచ్’ కుట్టించుకోవడంతో మొదలైంది. ప్రధాన జట్టులో తగినంత ఆడినవాడికే ఆ అక్షరం ఇస్తారు. కాబట్టి అది తొడుక్కున్న పాత్రను జాక్ అన్నారంటే రచయిత ఊరికే అనలేదు.

జంట మాటల దగ్గర జాగ్రత్త

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, ఎందుకంటే జంట మాటల్లో ఉన్న జాక్ అన్నిచోట్లా ఒకటి కాదు.

‘షాక్ జాక్’ అంటే నోటికొచ్చినట్టు మాట్లాడి శ్రోతలను రెచ్చగొట్టే రేడియో వ్యాఖ్యాత. ఇది డిస్క్ జాకీ నుంచి వచ్చింది, ఆటలతో సంబంధం లేదు. ‘జెట్ జాక్’ అంటే యుద్ధవిమానం నడిపే పైలట్, అదీ జాకీ వైపు మాటే. ఒక యంత్రాన్నో పరికరాన్నో నడిపేవాడి వెనక జాక్ వస్తే అది స్వారీ చేసేవాడి కుటుంబం అనుకోవచ్చు.

‘జాక్ ఇచ్’ అనేది గజ్జల్లో వచ్చే తామర. ఫంగస్ వల్ల వస్తుంది, చెమట పట్టి తడి నిలిచే చోట ఎవరికైనా రావచ్చు. దీన్ని ‘క్రీడాకారుల దురద’ అని రాస్తే ఆరోగ్య సమాచారం చదివేవాళ్లు తమకు సంబంధం లేదనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. ‘గజ్జల్లో తామర’ అని నేరుగా రాయండి.

‘జాక్ ట్యాక్స్’ క్రీడా వార్తల్లో తరచూ వస్తుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఆడివెళ్లే వృత్తి ఆటగాళ్ల మీద, ఆ రాష్ట్రంలో సంపాదించినట్టు లెక్కగట్టిన భాగానికి వేసే ఆదాయపు పన్ను అది. లెక్క సాధారణంగా ‘డ్యూటీ డేస్’, అంటే జట్టు పని మీద గడిపిన రోజుల మీద నడుస్తుంది. సీజన్‌లో మొత్తం 200 డ్యూటీ రోజులుండి అందులో 6 కాలిఫోర్నియాలో గడిపితే, జీతంలో 3 శాతం మీద అక్కడ పన్ను కట్టాలి. 1991లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఉన్న చికాగో బుల్స్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను ఓడించాక, కాలిఫోర్నియా ఆ ఆటగాళ్ల నుంచి పన్ను వసూలుకు దిగింది. దానికి జవాబుగా చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం తనదీ ఒక చట్టం చేసింది, దానికి ‘మైకేల్ జోర్డాన్ ప్రతీకారం’ అని పేరు పడింది. తెలుగులో ‘ఆటగాళ్ల పన్ను’ అంటే చాలు. ఇందులో వెక్కిరింపు చాలా పలచబడింది, పన్ను నిపుణులు కూడా మామూలుగా వాడతారు.

‘రాక్స్ ఫర్ జాక్స్’ వింటే పాటల కచేరీ అనిపిస్తుంది. అమెరికన్ యూనివర్సిటీల్లో భూగర్భశాస్త్రం తొలి కోర్సుకు విద్యార్థులు పెట్టిన ముద్దుపేరు అది. రాక్స్ అంటే ఇక్కడ రాళ్లే. సైన్సు సబ్జెక్టు ఒకటైనా పూర్తిచేయాలి కాబట్టి, తేలికని పేరున్న ఈ కోర్సులో ఆటగాళ్లు చేరతారన్నది అందులోని ఎత్తిపొడుపు. ‘జాకోక్రసీ’ని బాగా వాడుకలోకి తెచ్చినవాడు వ్యాఖ్యాత హోవర్డ్ కోసెల్. జర్నలిజం రాకపోయినా ఆడిన పేరు చూసి మాజీ ఆటగాళ్లను వ్యాఖ్యాతలుగా కూర్చోబెట్టడాన్ని ఆయన ఆ మాటతో దుయ్యబట్టాడు.

ర్యాప్ పాటల్లో ఇది క్రియగానూ వస్తుంది. ఒకరిని ‘జాకింగ్’ చేయడమంటే వాళ్ల మెప్పు కోసం, పొందు కోసం వెంటపడటం. ఇక్కడ, మాట పుట్టుక దగ్గర కింద చెప్పబోయే పాత శరీర సంబంధమైన అర్థం పనిచేస్తోంది, ఆటగాడు లేడు.

ఆటగాడి అర్థంలో ఏమేం ఇమిడి ఉన్నాయి

ఆడే ప్రతివాడూ జాక్ కాడు. మాట ముందుగా తగిలేది జట్టు ఆటలకు, అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌కు. తర్వాత బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఐస్ హాకీ, వల కట్టిన కర్రలతో ఆడే లక్రాస్. మూలంలో ‘ఫుట్‌బాల్’ అన్నప్పుడు అది హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట అని తెలుగు పాఠకుడికి ఒక్కసారైనా తెలిసేలా చేయండి. ఒంటరిగా పొద్దున్నే పరుగెత్తే కుర్రాణ్ని, చదరంగం ఆడేవాణ్ని ఎవరూ జాక్ అనరు. కండలు పెంచినా బడి జట్టులో లేనివాడికి ‘జిమ్ ర్యాట్’ లాంటి వేరే మాటలున్నాయి.

మాటకు పదును వచ్చేది ఎదుటి గుంపు నుంచి. నెర్డ్ పక్కన నిలబడితే జాక్ అంటే చదువు పట్టనివాడు. కళాకారుల పక్కన నిలబడితే మోటువాడు. అల్లరి గుంపు పక్కన నిలబడితే మాత్రం అర్థం తలకిందులై, మాస్టార్ల మాట వినే బుద్ధిమంతుడైపోతాడు. ఈ చివరిది చాలామంది గమనించరు. భాషాశాస్త్రవేత్త పెనెలొపి ఎకర్ట్ 1980లలో డెట్రాయిట్ శివారు హైస్కూళ్లలో ఉండి చేసిన పరిశీలన దీనికి గట్టి ఆధారం. 1989లో పుస్తకంగా వచ్చిన ఆ పనిలో విద్యార్థులు తమను తాము ‘జాక్స్’, ‘బర్న్‌అవుట్స్’ అని రెండుగా విడదీసుకున్నారు. అక్కడ జాక్ కావడానికి బంతి ముట్టుకోనక్కర్లేదు. విద్యార్థి సంఘం, నాట్యోత్సవాల ఏర్పాట్లు, బడి కార్యక్రమాలు, వీటిలో మునిగి కాలేజీ వైపు చూసేవాళ్లంతా జాక్‌లే, ఆడపిల్లలతో సహా. బర్న్‌అవుట్‌లు బడి బయట, ఊళ్లో, పనివాళ్ల ప్రపంచంలో బతికేవాళ్లు. ఈ విడదీతలో కుటుంబాల ఆర్థిక స్థాయి కూడా ఉంది. రెండు గుంపులు అచ్చుల్ని పలికే తీరు కూడా తేడాగా ఉందని ఎకర్ట్ చూపించింది. కాబట్టి ఆ కాలపు మిడ్‌వెస్ట్ (డెట్రాయిట్ ఉన్న ప్రాంతం) బడి కథలో జాక్ అన్న పాత్ర ఏ ఆటా ఆడకపోతే రచయిత పొరబడ్డాడని తేల్చేయకండి.

ఆడవాళ్ల విషయంలో కాలం చూడాలి. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. ఆ తర్వాత అమ్మాయిల జట్లు బాగా పెరిగి, వాళ్లనూ జాక్ అనడం మామూలైంది. జాక్‌కు చివర ‘ఎట్’ చేర్చిన ‘జాకెట్’ (తొడుక్కునే జాకెట్టు కాదు) అనే స్త్రీలింగ రూపం ఒకటి తిరిగింది గానీ ఇప్పుడు పాతబడింది, వినడానికి చిన్నచూపుగానూ ఉంటుంది.

ఎవరు అంటున్నారన్నది ఇంకో కొలత. ఆటగాడు తన గురించి తానే అనుకుంటే అందులో గర్వం ఉండొచ్చు, లేదా వినయం. ‘నేనొక జాక్‌ని, లెక్కలు నాకెందుకొస్తాయి’ అన్నది తప్పుకునే మాట. బయటివాడు అంటే ఎక్కువసార్లు దెప్పిపొడుపు. ముందు ‘డంబ్’ చేర్చితే తిట్టే.

మాట ఎక్కడి నుంచి వచ్చింది

మూలం స్కాట్లండ్ పేరే. జాన్ నుంచి ఇంగ్లండ్‌లో జ్యాక్, ఉత్తరాన జాక్. ఊరికొకడుండే పేరు కాబట్టి 16వ శతాబ్దం నాటికే ‘ఎవడో మామూలు మనిషి’ అనే అర్థం వచ్చేసింది. అక్కడి నుంచి మాట రెండుగా చీలింది, ఈ చీలిక తెలియకపోతే మిగతాదంతా గందరగోళమే.

ఒక పాయలో జాకీ పుట్టాడు. ‘చిన్న జాక్’ అని దాని అర్థం. మొదట కుర్రాడు, తర్వాత గుర్రాల బేరగాడు, 17వ శతాబ్దం రెండో సగానికి పందెంలో స్వారీ చేసేవాడు. బేరగాళ్ల పేరు బాగుండేది కాదు కాబట్టి జాకీ క్రియగా మారినప్పుడు మోసం చేయడం, ఒడుపుగా తోసుకుని ముందుకు రావడం అనే అర్థాలు తెచ్చుకుంది. 1940ల మొదట్లో గ్రామఫోన్ పళ్లేలు తిప్పే రేడియో మనిషి డిస్క్ జాకీ అయ్యాడు, 1981లో మొదలైన ఎంటీవీ వీడియో జాకీని తెచ్చింది. మనకు తెలిసిన ఆర్జే ఈ పాయలోవాడే.

రెండో పాయ మర్యాదస్తులు దాచిపెట్టింది. 16వ శతాబ్దపు ఇంగ్లండ్ దొంగభాషలో ‘జాకమ్’ అంటే పురుషాంగం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన మోటుమాటల నిఘంటువులో మూత్రపాత్రకు ‘జాకమ్ గేజ్’ అనే పేరు కనిపిస్తుంది. జాక్ అనే పొట్టి రూపం కూడా అదే అర్థంలో నడిచింది. మనుషుల పేర్లను శరీర భాగాలకు పెట్టడం ఇంగ్లీషులో బాగా ఉన్న అలవాటు.

19వ శతాబ్దం చివర్లో ‘జాక్‌స్ట్రాప్’ వచ్చింది. నడుముకు సాగే పట్టీ, ముందు వృషణాలను పట్టి ఉంచే సంచి, దాని అడుగు నుంచి పిరుదుల కిందుగా నడుము పక్కలకు వెళ్లే రెండు పట్టీలు, వెనక ఖాళీ. లంగోటీ చేసే పనినే సాగే నేతతో చేసే వస్తువు. చికాగోలోని షార్ప్ అండ్ స్మిత్ కంపెనీకి చెందిన చార్లెస్ బెన్నెట్ 1874లో దీన్ని రూపొందించాడనీ, బోస్టన్ రాళ్ల వీధుల్లో సైకిలు తొక్కే ‘బైసికిల్ జాకీ’ల కోసం చేశాడనీ కంపెనీ చరిత్ర చెబుతుంది. తర్వాత పెట్టిన బైక్ వెబ్ కంపెనీ ‘బైక్ జాకీ స్ట్రాప్’ పేరుతో అమ్మింది.

ఇక్కడే వాదం పుడుతుంది. జాక్‌స్ట్రాప్‌లోని జాక్, సైకిలు జాకీదా, శరీరానిదా? కంపెనీ కథను బట్టి మొదటిది. నిఘంటుకారుల మొగ్గు రెండో దానివైపు. మా తీర్పు కూడా అటే. పట్టీ దేన్ని పట్టి ఉంచుతుందో దాని పేరే పట్టీకి రావడం సహజం, ఆ మోటుమాట అప్పటికి రెండు మూడు శతాబ్దాలుగా ఉంది. అమ్మేవాళ్లకు మాత్రం ‘జాకీ’ అనడం మర్యాదగా కుదిరింది. రెండూ ఒకదాన్నొకటి బలపరచుకుని ఉండొచ్చు. 1935లో కూపర్స్ కంపెనీ తన కొత్త రకం లోదుస్తుకు జాకీ అని పేరు పెట్టింది కూడా జాక్‌స్ట్రాప్ ఇచ్చే ఆసరాను గుర్తుచేయడానికే.

వస్తువు నుంచి మనిషికి మారడం పెద్ద దూరమేం కాదు. పోలీసులను ‘ఖాకీలు’ అన్నట్టే, జాక్‌స్ట్రాప్ తొడిగేవాణ్ని జాక్‌స్ట్రాప్ అన్నారు. ఆ వాడకం 1940లకే ఉంది. దాన్ని కుదించి ‘జాక్’ అని ఆటగాణ్ని పిలవడం 1960ల మొదట్లో అమెరికన్ కాలేజీ స్లాంగ్‌గా అచ్చులో కనిపిస్తుంది. లాకర్ రూమ్ సామాను పేరుతో మనిషిని పిలవడంలో ఉన్న చనువూ, చులకనా రెండూ మాటలో ఇప్పటికీ మిగిలాయి. స్కాట్లండ్ క్రీడోత్సవాల ఆటగాళ్ల నుంచి నేరుగా వచ్చిందనుకోవడానికి ఆధారం లేదు. మధ్యలో పట్టీ లేకుండా ఆటగాడి దగ్గరికి దారి లేదు.

తేదీలు మీరే సరిచూసుకోవాలంటే

జోనథన్ గ్రీన్ స్లాంగ్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, ప్రతి అర్థానికీ తేదీలతో ఉదాహరణలుంటాయి. ముందు అక్కడ మొదలుపెట్టండి. జె.ఇ. లైటర్ అమెరికన్ స్లాంగ్ చారిత్రక నిఘంటువు ‘ఓ’ అక్షరం దగ్గర ఆగిపోయినా, 1997లో వచ్చిన రెండో సంపుటంలో ‘జె’ ఉంది.

పాత పత్రికల భాండాగారాల్లో వెతికేటప్పుడు ఏకవచనంతో వెతక్కండి, పేర్ల వరదలో మునిగిపోతారు. ‘ది జాక్స్’, ‘డంబ్ జాక్’, ‘బిగ్ జాక్’ లాంటి జంటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. విద్యార్థులు నడిపిన కాలేజీ పత్రికలు అన్నిటికంటే మేలు, ఎందుకంటే పెద్ద పత్రికల సంపాదకులు ఈ మాటను చాలాకాలం కొట్టేసి ఉంటారు. దొరికిన ప్రతిదాన్నీ పేజీ బొమ్మలో చూడాలి. సన్న కాలమ్‌లో ‘జాకీ’ అనే మాట పంక్తి చివర విరిగితే అచ్చును చదివే యంత్రం మొదటి ముక్కను ‘జాక్’ అని చదువుతుంది. మసక అచ్చులో జ్యాక్ కూడా జాక్ అవుతుంది. గూగుల్ బుక్స్‌లో పత్రికల సంచికలకు కొన్నిసార్లు మొదటి సంపుటం సంవత్సరమే తగిలించి ఉంటుంది. 1920 అని చూపించిన సంచిక లోపల 1965ది కావచ్చు. ముఖపత్రం మీద తేదీ చూడకుండా ‘మొదటి వాడకం దొరికింది’ అనకండి.

తెలుగు చేయడం

ఒకే తెలుగు మాటను అన్నిచోట్లా అతికించే ఆలోచన మానుకోండి. గుంపు పేరుగా వస్తే ‘టీమ్ కుర్రాళ్లు’, ‘జట్టోళ్లు’ లాంటివి నప్పుతాయి: ‘ఆమె తిరిగేదంతా టీమ్ కుర్రాళ్లతోనే.’ స్వభావం చెప్పే చోట మాటనే వదిలి భావం పట్టుకోండి: ‘వాడికి ఆట తప్ప ఇంకో లోకం లేదు.’ డంబ్ జాక్‌కు ‘ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి పెరగలేదు’ అనే నుడికారం సిద్ధంగా ఉంది. తిట్టు పొట్టిగా కావాలంటే ‘కండల మొద్దు’. మాజీ జాక్ అంటే ‘ఒకప్పుడు కాలేజీ టీమ్‌లో వెలిగినవాడు’. ‘వెలిగిన’ అన్న మాట ఆ పాత హోదాను మోస్తుంది, ‘మాజీ క్రీడాకారుడు’ మోయలేదు.

మాట పదేపదే వచ్చే నవలలో, గుంపుల గొడవే కథైన చోట, ‘జాక్’ అనే ఉంచడం నయం. మొదటిసారి వచ్చినప్పుడు వాక్యంలోనే అర్థమయ్యేలా కలపండి: ‘బడి జట్టులో ఆడే జాక్‌లు, ఎప్పటిలా, మధ్య బల్ల ఆక్రమించారు.’ అడుగు వివరణ పెడితే చదువు ఆగుతుంది. సబ్‌టైటిల్‌లో ఆ వెసులుబాటు లేదు, కంటికి దొరికేది రెండు సెకన్లు. అక్కడ ‘జాక్’ ఉంచకుండా ‘టీమ్‌వాడు’, ‘మొద్దు’ లాంటి పొట్టి మాటే వాడాలి.

1960కి ముందు అమెరికాలో జరిగే కథ మీరే రాస్తుంటే పాత్రల నోట ఆటగాడి అర్థంలో జాక్ పెట్టకండి, ‘లెటర్‌మన్’ అప్పటికి సరిపోతుంది. 1920ల ఆక్స్‌ఫర్డ్ కథైతే ఆటల గుంపును ‘హార్టీ’ అనేవారు, కళాభిమానులైన ‘ఈస్తీట్’లకు ఎదుటి పక్షంగా. ఇప్పటి బ్రిటిష్ పాత్ర జాక్ అంటే అమెరికన్ సీరియళ్ల ప్రభావం కావచ్చు, స్కాట్లండ్ వాణ్ని అన్నదీ కావచ్చు. ఆ సంభాషణలో ఎదుటివాడి ఊరు తెలిసేదాకా అనువాదం ఖాయం చేయకండి.